చువ్వల బిగువు

కలకత్తాలో బౌబజార్ వైపు వెళ్లి కాసేపు రోడ్డు పక్కన నిలబడితే రెండు యుగాల చక్రాలు పక్కపక్కనే దొర్లుతూ కనిపిస్తాయి. ఒకటి మనిషి లాగే రిక్షాది. కర్రతో చేసింది, దాదాపు నడుమెత్తు ఉంటుంది. రెండోది ఆ రిక్షాను ఒరుసుకుంటూ ముందుకు దూరే సైకిలుది. చూపుకు రెండూ గుండ్రమే. లోపల జరిగే పని మాత్రం పూర్తిగా తలకిందులు. కర్ర చక్రంలో బరువు ఇరుసు మీంచి కింది ఆకు మీద పడుతుంది, ఆకు దాన్ని నేలకు అదుముతుంది. సైకిలు చువ్వ అలా అదమలేదు. రెండు మిల్లీమీటర్ల మందం, జానెడుంబావు పొడవు ఉన్న తీగ అది. రెండు కొసలూ పట్టుకుని నొక్కితే చిన్నపిల్లవాడైనా వంచేస్తాడు. అలాంటి తీగలు నలభై కలిసి ముందు కడ్డీ మీద పిల్లవాణ్ని, సీటు మీద తండ్రిని, వెనక కేరియరు మీద తల్లిని మోస్తాయి.

ఎలా మోస్తాయో తెలిస్తే, ఈ రోజుల్లో కాస్త మంచి సైకిలు కొనేవాళ్లను తికమక పెట్టే ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. ఫ్యాక్టరీలో తయారై పెట్టెలో వచ్చిన చక్రం తీసుకోవాలా? లేక హబ్బు, రిమ్ము, చువ్వలు విడివిడిగా కొని మిస్త్రీ చేత కట్టించుకోవాలా?

తీగలతో చక్రం కట్టవచ్చన్న ఆలోచన అసలు సైకిలు కోసం పుట్టింది కాదు. ఇంగ్లండులో జార్జ్ కేలీ అని ఒక జమీందారు ఉండేవాడు. ఎగిరే యంత్రం చేయాలని జీవితమంతా తాపత్రయపడ్డ మనిషి. యంత్రం నేల మీద పరుగెత్తడానికి చక్రాలు కావాలి, కానీ బండి చక్రాలు పెడితే ఆ బరువుకే అది పైకి లేవదు. 1808లో ఆయనకు తట్టిన ఉపాయం ఇది: ఇరుసును కింది నుంచి ఆకులతో మోయించే బదులు, చుట్టూ ఉన్న వలయం నుంచి బిగువైన తాళ్లతో వేలాడదీస్తే సరి. విమానం సంగతి ఆ తరంలో తేలలేదు. చక్రం సంగతి తేలడానికీ అరవై ఏళ్లు పట్టింది. 1869లో పారిస్‌లో యూజీన్ మేయర్ తీగ చువ్వల చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ, విలియం హిల్‌మన్‌తో కలిసి ‘ఏరియల్’ సైకిలుకు పేటెంటు పొందాడు.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. మొదట్లో చువ్వలన్నీ హబ్బు నుంచి రిమ్ముకు తిన్నగా పోయేవి. నిలబడ్డ చక్రానికి అది చాలు. కానీ పెడల్ తొక్కినప్పుడు హబ్బు ముందు తిరుగుతుంది, దాని వెనక రిమ్ము తిరగాలి. తిన్నని చువ్వ హబ్బు మెలికను రిమ్ముకు అందించలేదు, తానే కాస్త పక్కకు ఒరుగుతుంది. 1874లో స్టార్లీ చువ్వలను హబ్బు అంచును ఒరుసుకుంటూ పోయేలా ఏటవాలుగా అమర్చాడు. సగం చువ్వలు ముందుకు లాగుతాయి, సగం వెనక్కి లాగుతాయి, దారిలో ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఇవాళ మన వీధిలో పోయే ఏ సైకిలు వెనక చక్రం చూసినా ఆ అల్లికే. ఆయన సోదరుడి కొడుకు జాన్ కెంప్ స్టార్లీ 1885లో దాదాపు సమానమైన రెండు చక్రాలూ చెయినూ ఉన్న ‘రోవర్’ తెచ్చాడు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు డన్‌లప్ దానికి గాలి టైరు అందించాడు. అంతే. ఆ తరవాత లోహాలు మారాయి, బేరింగులు మెరుగుపడ్డాయి, ఆకారం మాత్రం నూట ముప్పై ఏళ్లకు పైగా అలాగే ఉంది. ఇంత తొందరగా పెద్దవాడైపోయి, ఇంతకాలం మార్పు లేకుండా బతికిన యంత్రభాగం మరొకటి నాకు తోచదు.

ఇప్పుడు అసలు కిటుకు. మంచి చక్రంలో ఒక్కో చువ్వను సుమారు 100 కిలోల బరువు వేలాడదీసినంత బిగువుకు లాగి ఉంచుతారు. 36 చువ్వలైతే మొత్తం 3,600 కిలోల లాగుడు. చక్రాన్ని గోడకు తగిలించి ఉంచినా, మనం నిద్రపోతున్నా, ఆ మూడున్నర టన్నులు రిమ్మును నాలుగు వైపులా కేంద్రం వైపుకు గుంజుతూనే ఉంటాయి. ఆ గుంజుడు వల్ల రిమ్ము ఏ చోట కోసి చూసినా దాదాపు 570 కిలోల ఒత్తిడిలో ఉంటుంది. మనిషి ఎక్కి కూర్చోగానే పైచువ్వలు మరింత బిగుస్తాయని చాలామంది అనుకుంటారు. కొలిచి చూస్తే పైచువ్వల్లో చెప్పుకోదగ్గ మార్పే ఉండదు. మారేది నేలకు దగ్గరగా ఉన్న మూడు నాలుగు చువ్వల్లోనే. అవి వదులవుతాయి. 100 ఉన్న బిగువు 80కో 85కో దిగుతుంది. ముందే లాగి పెట్టిన తీగలో లాగుడు తగ్గడమూ, కర్ర ఆకు మీద బరువు పెరగడమూ లెక్కకు ఒకటే. అంటే సైకిలు కూడా తన కింది చువ్వల మీదే నిలబడుతుంది, కాకపోతే ముందుగా దాచిపెట్టుకున్న బిగువును ఖర్చుపెట్టి నిలబడుతుంది. జోబ్స్ట్ బ్రాంట్ అనే ఇంజినీరు 1981లో సైకిలు చక్రం మీద రాసిన పుస్తకంలో ఈ సంగతి లెక్కగట్టి చూపించాడు. దాని మీద సైకిలు పిచ్చివాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. లెక్కలో తేడా లేదు, మాటల్లోనే తేడా.

దాచిన బిగువు ఉన్నంతసేపే చక్రం చక్రం. చువ్వలో 30 కిలోల లాగుడే ఉందనుకోండి. గుంటలో పడ్డప్పుడు కింది చువ్వలు పూర్తిగా వదులైపోతాయి. ఆ క్షణంలో రిమ్మును పక్కల నుంచి పట్టి ఉంచేవాళ్లు లేరు. అప్పుడే మలుపు తిరుగుతుంటే రిమ్ము వేయించిన అప్పడంలా మెలితిరిగి లేస్తుంది. అంత దూరం పోకపోయినా, వదులైన ప్రతిసారీ, చువ్వ కొసను రిమ్ముకు బిగించే నిపుల్ ఓ వెంట్రుకవాసి తిరిగి మరింత వదులవుతుంది. ఇవాళ కాస్త బెండు, వారానికి మరికాస్త. చువ్వలు బలహీనమై చక్రాలు పోవడం అరుదు. వదులై పోవడమే ఎక్కువ.

ఈ బిగువు ఎంత సన్నని కొలతలో ఉంటుందో చూడండి. రెండు మిల్లీమీటర్ల ఉక్కు చువ్వను 100 కిలోలతో లాగితే అది సాగేది అర మిల్లీమీటరు కూడా కాదు, 0.46 మిల్లీమీటర్లు. చువ్వ కొసన ఉన్న మర ఒక అంగుళంలో 56 చుట్లు తిరుగుతుంది, అంటే నిపుల్ ఒక చుట్టు తిప్పితే చువ్వ జరిగేది 0.45 మిల్లీమీటర్లు. రిమ్ము నొక్కుకుపోయేది కూడా కలుపుకుంటే, వదులు చువ్వకూ పూర్తిగా బిగిసిన చువ్వకూ మధ్య దూరం నిపుల్ చుట్టుకు కాస్త పైన మాత్రమే. మిస్త్రీ చేతిలో నిపుల్ కీ పావు చుట్టు తిరిగిందంటే ఆ చువ్వలో పదిహేను ఇరవై కిలోలు అటూ ఇటూ అయినట్టు. రోడ్డు పక్కన గోనెపట్టా మీద కూర్చుని చేసే పని ఇంత సున్నితమైనదని పైకి కనిపించదు.

కలకత్తాకు సైకిలు తెల్లవాళ్లతో వచ్చింది, కానీ ఆ ఊరి బెంగాలీలు దాన్ని త్వరగానే సొంతం చేసుకున్నారు. హేమేంద్రమోహన్ బోస్ అని, సత్యజిత్ రాయ్‌కి వరసకు తాతగారు, కుంతలీన్ తలనూనె అమ్మిన వ్యాపారి, రవీంద్రుడి గొంతును సిలిండర్ల మీదికి ఎక్కించినవాడు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో హారిసన్ రోడ్డులో సైకిళ్ల కంపెనీ పెట్టాడు. జగదీశ్ చంద్ర బోస్‌కూ ప్రఫుల్ల చంద్ర రాయ్‌కీ సైకిలు తొక్కడం నేర్పింది ఆయనే. మొక్కల్లో స్పందన కొలిచిన మనిషీ, బెంగాల్ కెమికల్స్ స్థాపించిన మనిషీ ఒకరి వెనక ఒకరు తూలుతూ సైకిలు నేర్చుకోవడం ఊహించుకుంటే నాకు నవ్వొస్తుంది. 1926 డిసెంబరు 12న బిమల్ ముఖర్జీ మరో ముగ్గురు స్నేహితులతో టౌన్‌హాలు నుంచి సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయల్దేరాడు. తిరిగి కలకత్తా చేరింది 1937లో. దారి పొడుగునా ఏ దేశంలో చువ్వ విరిగితే ఆ దేశంలో బాగుచేసుకోవాల్సిందే. ప్యాకెట్టులో రెండు మూడు చువ్వలూ ఓ నిపుల్ కీ ఉంటే చాలన్న ధీమా ఇచ్చేది ఆ చక్రం.

స్వాతంత్ర్యానికి అటూ ఇటూ దేశంలో సైకిలు కార్ఖానాలు లేచాయి. సుధీర్ కుమార్ సేన్ ఇంగ్లీషు రాలీ కంపెనీతో కలిసి సేన్-రాలీని 1949లో ప్రారంభించాడు. కలకత్తాకు రెండొందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, అసన్‌సోల్ పక్కన కన్యాపూర్‌లో కార్ఖానా. అదే ఏడాది మద్రాసులో టి.ఐ. సైకిల్స్ వచ్చింది, మన తెలుగు జిల్లాల హెర్క్యులిస్‌లు అక్కడివే. తరవాత సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో. సేన్-రాలీ కష్టాల్లో పడి 1980లో ప్రభుత్వపరమైంది, చివరికి మూతపడింది. లుధియానా మాత్రం పెరిగి పెరిగి దేశం సైకిళ్లలో చాలావాటికి పుట్టిల్లయింది. ఒక వీధిలో రిమ్ములు, ఇంకో వీధిలో హబ్బులు, మరోచోట చువ్వలూ నిపుల్సూ.

ఇక్కడే మన దేశపు కథ పడమటి కథకు అడ్డం తిరుగుతుంది. పూర్తిగా బిగించిన సైకిళ్లు రైలు వ్యాగన్‌లో పెడితే జాగా అంతా గాలే. అందుకని మామూలు నల్ల సైకిళ్లు ఊళ్లకు ముక్కలుగా వచ్చేవి. ఫ్రేములు కట్టలుగా, రిమ్ములు ఒకదానిలో ఒకటి దూర్చి, చువ్వలు గ్రోసుల లెక్కన. షాపువాడి దగ్గర ఫిట్టింగు. మనలో పాత తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, డబ్బు కట్టి, బెల్లు ఏది, సీటు ఏది అని ఎంచుకుంటుంటే, గడప దగ్గర కుర్రాడు ఒళ్లో రిమ్ము పెట్టుకుని చువ్వలు అల్లుతుండేవాడు. యూరప్‌లోనూ అమెరికాలోనూ చేత్తో కట్టిన చక్రం డబ్బున్నవాళ్ల ముచ్చట. పేరున్న పనివాడి కోసం నెలలు ఆగి కట్టించుకుంటారు. మన దగ్గర పాలవాడి సైకిలుకూ పోస్ట్‌మన్ సైకిలుకూ దక్కింది అదే. చవకైన సైకిలుకు చేతిపని చక్రం, ఖరీదైన దానికి యంత్రం చక్రం: ఇండియాలో చాలాకాలం లెక్క ఇలా తిరగబడి ఉండేది.

ఆ నల్ల సైకిళ్ల చక్రాల్లో ఇంగ్లీషువాడి పాత అలవాటు ఒకటి నిలిచిపోయింది. ముందు 32 చువ్వలు, వెనక 40. బరువులో ఎక్కువ పాలు వెనక పడుతుంది కనక చువ్వలూ వెనకే ఎక్కువ. మిగతా ప్రపంచం రెండింటికీ 36 అనుకుని సులువు చేసుకుంది. లెక్కప్రకారం ఇంగ్లీషువాడిదే సబబు. పైగా గేర్లు లేని సైకిలుకు వెనక హబ్బు రెండు చెంపలూ రిమ్ముకు దాదాపు సమాన దూరంలో ఉంటాయి, రెండు వైపులా బిగువు సమానం. ఎనిమిదో పదో పళ్లచక్రాలున్న గేరు సైకిలులో కుడిచెంప లోపలికి జరగాల్సి వస్తుంది. అప్పుడు కుడి చువ్వలు నిటారుగా, బాగా బిగువుగా, ఎడమవి ఏటవాలుగా, దాదాపు సగం నుంచి మూడింట రెండు వంతుల బిగువుతో. అంత ఖరీదు పోసి కొన్న చక్రం, పుట్టుకలోనే పాత నల్ల సైకిలు చక్రం కన్నా కుంటిది.

బెంటింక్ స్ట్రీట్ కలకత్తా సైకిళ్ల బజారు. ఒకప్పటి చీనావాళ్ల చెప్పుల షాపుల పక్కన వరసగా సైకిలు షాపులు, వాటి ముందు ఫుట్‌పాత్ మీద మిస్త్రీలు. చాలామంది బీహారు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో ఒకాయన రిమ్ము కడుతుంటే దగ్గర కూర్చుని చూశాను. పాత ఫోర్కును తలకిందులుగా గోడకు బిగించి ఉంచాడు, అదే స్టాండు. ముందు హబ్బు బాల్సుకు గ్రీజు పెట్టి, ఇరుసు వేళ్లతో తిప్పి చూసుకున్నాడు. గుప్పెడు చువ్వలు నూనె గిన్నెలో ముంచి తీశాడు. మరకు నూనె లేకపోతే నిపుల్ తిరిగేటప్పుడు చువ్వ కూడా దాంతోపాటు మెలిపడుతుందట. ఒక చెంపలో ఒకటి విడిచి ఒక కన్నంలో చువ్వలు దింపి, రిమ్ములో నాలుగో కన్నానికి ఒకటి చొప్పున తగిలించాడు. హబ్బు కాస్త మెలి తిప్పాడు. ఎదురు చువ్వలు ఒక్కోటి మూడింటిని దాటేలా అల్లాడు, మూడోదాని దగ్గర కింది నుంచి దూర్చి. మాట్లాడుతూనే ఉన్నాడు, వేళ్లు లెక్క తప్పలేదు. అల్లిక పూర్తయ్యేసరికి రిమ్ము ఇంకా లొడలొడలాడుతోంది.

అసలు పని అప్పుడు మొదలైంది. నిపుల్ కీతో చుట్టూ సమానంగా ఒక సారి, మళ్లీ ఒక సారి. ఫోర్కు కాలికి బొటనవేలు ఆనించి, గోరు రిమ్ముకు దగ్గరగా పెట్టి చక్రం తిప్పాడు. గోటికి తగిలిన చోట ఆపి, కుడి నిపుల్ అర చుట్టు వదులు చేశాడు, ఎడమది అర చుట్టు బిగించాడు. రిమ్ము పక్కకు పోకుండా, ఎత్తు పల్లం లేకుండా, రెండు వైపుల మధ్యకు సరిగ్గా వచ్చేలా, బిగువు అన్నిట్లో సమానంగా ఉండేలా. ఈ నాలుగూ ఒకదాన్ని సరిచేస్తే ఇంకోటి చెడేవి. మధ్యమధ్య రెండు రెండు చువ్వలు కలిపి గుప్పిట్లో గట్టిగా పిసికాడు. టిక్కుటిక్కుమని చిన్న చప్పుళ్లు. అప్పటిదాకా చువ్వ మోచేయి హబ్బు కన్నంలో పూర్తిగా కూర్చోలేదన్నమాట. పిసికాక రిమ్ము మళ్లీ కొంచెం బెండు పోయింది, మళ్లీ తీశాడు. చివర్లో గోటితో చువ్వలు మీటుకుంటూ చుట్టూ తిప్పాడు.

ఆ మీటడంలో మంచి భౌతికశాస్త్రం ఉంది. తీగ స్వరం దాని బిగువుకు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 100 కిలోల బిగువున్న 28 సెంటీమీటర్ల చువ్వ సెకనుకు దాదాపు 360 సార్లు కంపిస్తుంది. బిగువు సగమైతే 255కు దిగుతుంది. ఈ రెంటి నిష్పత్తి రెండు వర్గమూలం. సంగీతం తెలిసినవాళ్లకు వేరే చెప్పాలా, వదులు చువ్వ షడ్జమమైతే బిగువు చువ్వ ప్రతిమధ్యమం పలుకుతుంది. ఈ తేడా ఎంత చెవిటివాడికైనా తెలుస్తుంది. ఒకదాన్నొకటి తాకే చోట స్వరం కాస్త చెడుతుంది కనక రిమ్ము దగ్గర మీటాలి. బిగువు కొలిచే మీటర్లు దొరుకుతాయి, అవి ఒక్కో చువ్వ బిగువును అంకెలో చెబుతాయి. ఒకే వైపు చువ్వలు ఒకదాంతో ఒకటి సమానంగా ఉన్నాయా అన్న ప్రశ్నకు చెవి చాలు. మొత్తం బిగువు ఎంత అన్నదానికి మీటరే నయం. మిస్త్రీలు ఎక్కువమంది పొరపడేది ఇక్కడే, సమానంగానే కడతారు కానీ అన్నీ కాస్త వదులుగా వదిలేస్తారు. సన్న రిమ్ము పగులుతుందన్న భయం పాతది.

మరి యంత్రం ఏం చేస్తుంది? నెదర్లాండ్స్‌లో తయారయ్యే మరమనుషులు ఉన్నాయి. హబ్బులో చువ్వలు సాధారణంగా మనుషులే, చాలాచోట్ల ఆడవాళ్లు, నింపుతారు. అక్కడి నుంచి నిపుల్సు తగిలించడం, బిగించడం, పక్కల వంపూ ఎత్తు పల్లమూ చూసుకుంటూ బెండు తీయడం యంత్రం పని. చేతికి గంట పట్టేది దానికి కొద్ది నిమిషాలు. బాగా నడిపితే యంత్రం మనిషికి తీసిపోదు. చువ్వ మెలిపడకుండా కొంచెం ఎక్కువ తిప్పి వెనక్కి తెస్తుంది, చక్రాన్ని పక్కల నుంచి అదిమి చువ్వలను కూర్చోబెడుతుంది, ప్రతి చువ్వ బిగువూ నమోదు చేస్తుంది. పైగా సాయంత్రం ఆరయినా విసుగుండదు. కానీ చవక సైకిళ్లకు చక్రాలు కట్టేచోట ప్రతి నిమిషం డబ్బే. అక్కడ రిమ్ము తిన్నగా కనిపించగానే యంత్రాన్ని ఆపేస్తారు. తిన్నగా ఉండటం వేరు, బిగువు సమానంగా ఉండటం వేరు. ఒకటి అతి బిగువు, పక్కది వదులు, రెండూ కలిసి రిమ్మును తిన్నగానే పట్టి ఉంచగలవు. కొత్త సైకిలు మొదటి రోజు టింగు టింగుమని మోగి, పదిహేను రోజుల్లో బ్రేకు కట్టెకు తగలడం మొదలుపెడితే కారణం అదే.

ఫ్యాక్టరీ చక్రంలో ఇంకో జాతి ఉంది, దాన్ని దీంతో కలిపి తిట్టకూడదు. 1990ల్లో ఫ్రాన్స్‌కు చెందిన మావిక్, ఇటలీకి చెందిన కాంపన్యోలో, జపాన్‌కు చెందిన షిమానో లాంటివి హబ్బు, రిమ్ము, చువ్వలు మూడింటినీ ఒకే వస్తువుగా రూపొందించి అమ్మడం మొదలుపెట్టాయి. 36 చువ్వల బదులు 20, 24. గాలిని చీల్చుకుపోయేలా బల్లపరుపు చువ్వలు, లోతైన రిమ్ములు. గంటకు నలభై కిలోమీటర్ల వేగంలో తొక్కేవాడికి ఎదురయ్యే అడ్డంకిలో ఎక్కువ భాగం గాలే. చక్రం పైభాగం సైకిలు కన్నా రెట్టింపు వేగంతో గాలిలోకి దూసుకుపోతుంది కనక అక్కడ ఆదా చేసింది ప్రతిదీ లెక్కకొస్తుంది. ఫుట్‌పాత్ మిస్త్రీ ఎంత నేర్పరైనా మామూలు రిమ్ముతో ఆ చక్రం కట్టలేడు. రేసుకు అదే సరి. మన ఊళ్లో గంటకు పన్నెండు కిలోమీటర్లతో బస్సు వెనక ఆగి ఆగి పోయేవాడికి ఆ గాలి లెక్క దమ్మిడీకి కొరగాదు.

చువ్వ ఎందుకు విరుగుతుందో కూడా ఓసారి చూడాలి, ఎంపిక అంతా దాని మీద ఉంది. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.23 మీటర్లు, కిలోమీటరుకు 450 చుట్లు. చుట్టుకోసారి ప్రతి చువ్వా కిందికి వచ్చి వదులై, మళ్లీ బిగుస్తుంది. రోజుకు 20 కిలోమీటర్లు తొక్కితే 9,000 సార్లు, ఏడాదికి 300 రోజులు లెక్కేస్తే 27 లక్షల సార్లు. ఏ ఒక్క లాగుడూ చువ్వను తెంచేంత పెద్దది కాదు, అన్నీ కలిసి అలసట తెస్తాయి. విరిగేది ఎక్కువగా హబ్బు దగ్గర, మోచేయి వంపులో. అక్కడ కూర్చోని చువ్వ ముందు పోతుంది. అందుకే ఆ పిసకడం. విచిత్రం ఏమిటంటే లావు చువ్వ కన్నా నడుమ సన్నబరిచిన చువ్వ ఎక్కువకాలం బతుకుతుంది. నడుమ ఒకటిన్నర మిల్లీమీటర్లకు సన్నబడ్డ చువ్వ అదే 100 కిలోలకు దాదాపు 0.8 మిల్లీమీటర్లు సాగుతుంది. రిమ్ము గుంటలో పడి లోపలికి నొక్కుకున్నప్పుడు పూర్తిగా వదులు కాకుండా ఆ సాగుడు కాపాడుతుంది, వంపు మీద దెబ్బా తగ్గుతుంది. దీన్ని అమ్మేవాడు బరువు తక్కువ అని చెప్పి అమ్ముతాడు కానీ, నా లెక్కలో అసలు లాభం ఇది.

మిస్త్రీ దగ్గర కూర్చున్నప్పుడే ఒకతను వెనక చక్రంలో మూడో చువ్వ విరిగిందని తెచ్చాడు. ఒక్కటి వేసి ఇమ్మన్నాడు. మిస్త్రీ వేయలేదు. “ఒకటి మారిస్తే వారానికి ఇంకోటి పోతుంది దాదా, మళ్లీ నన్నే తిడతావు. అన్నీ తీసేసి కొత్తవి అల్లుతాను, హబ్బు, రిమ్ము బాగున్నాయి.” చువ్వలన్నీ ఒకే వయసువి, ఒకే దూరం తిరిగినవి. మూడు పోయాయంటే మిగతావి వరసలో ఉన్నట్టే. బేరం కుదిరింది. అలా ఫ్యాక్టరీలో పుట్టిన చక్రం ఫుట్‌పాత్ మీద రెండో జన్మ ఎత్తింది. ఇంకో ఐదేళ్లకు రిమ్ము అరిగిపోతే రిమ్ము మారుతుంది, తరవాత ఎప్పుడో హబ్బు. కలకత్తాలో పదేళ్లు తిరిగిన సైకిలు చక్రం ఎక్కడ తయారైందో చెప్పడం కష్టం.

ఆ ఊరు చక్రాలను పెట్టే బాధ కూడా అలాంటిది. ట్రాము పట్టాల గాడిలో సన్న టైరు దిగితే ముందుకు వెళ్లే మనిషి పక్కకు పడతాడు, రిమ్ము అక్కడే మెలిపడుతుంది. ట్రాములు తగ్గినా పట్టాలు కొన్ని రోడ్లలో అలాగే ఉన్నాయి. వానాకాలంలో మోకాలి లోతు నీళ్లలో హబ్బు మునుగుతుంది, గ్రీజు పోతుంది. జింకు పూత చువ్వలు ఆ గాలి తేమకు తెల్లబడి, నిపుల్సు బిగుసుకుపోతాయి. అప్పుడు బెండు తీయబోతే నిపుల్ తిరగదు, చువ్వ మెలిపడి తెగుతుంది. స్టెయిన్‌లెస్ చువ్వలకు ఇత్తడి నిపుల్సు వేస్తే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. మెరుపు పూత ఉక్కు రిమ్ము తడిస్తే రబ్బరు బ్రేకు దాదాపు పట్టదు, అల్యూమినియం రిమ్ము ఎంతో నయం. వీటన్నిటికీ తోడు పోలీసులు. 2008లో 38 రోడ్లలో సైకిలు నిషేధించారు, 2013కు ఆ పట్టీ 174కు పెరిగింది, గోల పెట్టాక తగ్గించారు. ఇంకోపక్క రాష్ట్ర ప్రభుత్వం 2015లో ‘సబూజ్ సాథీ’ పథకం మొదలుపెట్టి తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లలకు సైకిళ్లు పంచింది. ఆ పిల్లల చక్రాలన్నిటినీ ఎవరో ఒక ఊరి మిస్త్రీ బెండు తీయాలి.

కనక ఏది కొనాలి? కొత్త సైకిలుతో వచ్చిన చక్రాన్ని పారేసి వేరేది కట్టించుకోవడం నా ఉద్దేశంలో దండగ. దాన్ని తెచ్చిన నాడే మంచి మిస్త్రీ చేతిలో పెట్టి, బిగువు సమానం చేయించి, చువ్వలు పిసికించి, మళ్లీ బెండు తీయిస్తే సరిపోతుంది. ఆ ఒక్క పనితో నాసిరకం చక్రం కూడా మధ్యరకం దాకా ఎదుగుతుంది. చేపల బుట్టలు, గ్యాసు బండలు మోసేవాడికి కట్టించిన చక్రమే మేలు: వెనక 40 లావు చువ్వలు, జోడు గోడల రిమ్ము. ఆ బరువుకు ఏ కంపెనీ పెట్టెలోనూ చక్రం లేదు. లావు మనిషికీ అంతే.

తెల్లారుజామున న్యూటౌన్ రోడ్ల మీద గుంపుగా తొక్కే కుర్రాళ్లకు, పోటీకి పోయేవాళ్లకు పెట్టె చక్రం కొనుక్కోవచ్చు. దూరాలు తొక్కేవాళ్ల సంగతి వేరు. 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రేవేలు, అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన దూరపు సవారీలు, కలకత్తా నుంచీ సాగుతాయి. 600కు ఇచ్చే గడువు 40 గంటలు, రాత్రంతా తొక్కాలి. 20 చువ్వల చక్రంలో ఒకటి తెగితే రిమ్ము ఫ్రేముకు రాసుకుని అక్కడే ఆగిపోతుంది. 32 చువ్వలదైతే పక్క రెండు నిపుల్సు కాస్త సవరించుకుని, బ్రేకు వదులు చేసుకుని ఇల్లు చేరవచ్చు. పైగా ఆ బల్లపరుపు చువ్వ బాంకురాలోనో పురూలియాలోనో కాదు, ఒక్కోసారి బెంటింక్ స్ట్రీట్‌లోనే దొరకదు. విదేశం నుంచి తెప్పించాలి, అప్పటికి ఆ నమూనా తయారీ ఆపేశారన్న జవాబు రావచ్చు. దూరప్రయాణికుడు కట్టించుకోవాల్సింది మామూలు 32 కన్నాల హబ్బు, మామూలు వంపు చువ్వలు, బజారులో దొరికే కొలత రిమ్ము.

కొలత అన్నాను కనక ఒక జాగ్రత్త. పాత నల్ల సైకిలుదీ కొత్త గేరు సైకిలుదీ రెంటినీ 28 అంగుళాలనే పిలుస్తారు. టైరు కూర్చునే చోట మొదటిది 635 మిల్లీమీటర్లు, రెండోది 622. పదమూడు మిల్లీమీటర్ల తేడా. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. రిమ్ము కొనేటప్పుడు అంగుళాలు నమ్మక, టైరు చెంప మీద సన్నగా అచ్చేసిన మిల్లీమీటర్ల అంకె చూసుకోవాలి.

షాపులో చక్రం చేతికిచ్చినప్పుడు తిప్పి చూసి తిన్నగా ఉందని మురిసిపోకండి. పక్కపక్క చువ్వలు రెండేసి పట్టుకుని పిసకండి, అన్నిట్లోనూ ఒకే గట్టితనం ఉండాలి. రిమ్ముకు దగ్గరగా గోటితో మీటండి. గేరు చక్రంలో కుడి ఎడమల స్వరాలు వేరుగా ఉంటాయి, ఉండనివ్వండి, ఒకే వైపున ఉన్నవి కలవాలి. విడి చువ్వలు ఇస్తారా అని అడగండి, ఇస్తామంటే నాలుగు అప్పుడే కొనుక్కుని చెయిన్ వైపు కొలతవి రెండు, అటువైపువి రెండు సీటు గొట్టంలో దాచుకోండి. ఎవరు కట్టినా, మొదటి వంద నూటయాభై కిలోమీటర్లకు చువ్వలు ఇంకొంచెం కూర్చుంటాయి. అప్పుడు మళ్లీ తీసుకెళ్లి బిగువు చూపించాలి. మిస్త్రీ దానికి టీ డబ్బులు తీసుకుంటాడు, లేదా అదీ తీసుకోడు. పెట్టెలో చక్రం పంపిన కంపెనీ దగ్గరికి ఆ పనికి ఎవరూ వెళ్లరు.